డ్రాప్‌డౌన్‌లో లేని వాడ

మన వాడల రికార్డు మనమే రాసుకోవాలని పోయిన భాగంలో అన్నాను. చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు తిరిగి ఒకటే ప్రశ్న వేశారు. "అన్నా, వర్డ్‌ప్రెస్‌లో ఓ సైట్ పెట్టేస్తే అయిపోతుంది కదా, ఇంత కథ ఎందుకు?"

సైట్ పెట్టడం ఒక పూట పనే. డొమైన్ కొని, హోస్టింగ్ తీసుకుని, ఇన్‌స్టాల్ నొక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి సైట్ లేచి కూర్చుంటుంది. కానీ అందులో ముందే అమర్చి ఉన్న డబ్బాల్లో మన వాడ పట్టదు. పట్టే డబ్బాలు మనమే తయారుచేసి, దాంట్లోకి ఎక్కించాలి. అనకాపల్లిలో మేం ఏడుగురం కూర్చుని చేసిన పని అదే. ఇంజనీరింగ్ పిల్లలకి ఇందులో కోడ్ సంగతులు కొన్ని ఉంటాయి. లా చదివేవాళ్లకీ, ఊళ్లు తిరిగే కార్యకర్తలకీ కోడ్ అక్కర్లేదు. ఆ డబ్బా సంగతి మాత్రం కావాలి. ఓపిగ్గా చదవండి.

ఆన్‌లైన్ ఫారంలో మనం వేలు పెట్టే ప్రతి చోటూ ఒక కంట్రోల్. పేరు రాసే డబ్బా, ఒక్కటే ఎంచుకోమనే గుండ్రటి చుక్క, టిక్ పెట్టే గడి, కిందికి జారే జాబితా, తేదీ చూపించే క్యాలెండర్, అన్నీ కంట్రోల్సే. వీటి వెనక ఉండి రాతల్నీ ఫొటోల్నీ దాచి, వరసపెట్టి, అడిగినవాళ్లకి చూపించేదాన్ని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ అలాంటిదే. జూమ్లా, ద్రుపల్, డాట్‌నెట్‌న్యూక్ కూడా ఆ కుటుంబమే. ఇవి పుట్టింది బ్లాగు రాసేవాళ్ల కోసం, కంపెనీల కోసం. అందుకే వాటి డబ్బాలు శీర్షిక, రాత, తేదీ, విభాగం అని ఉంటాయి. "శ్మశానానికి దారి" అనే డబ్బా ఉండదు. ఎక్కడో కూర్చుని రాసినవాళ్లకి మన పాడె ఏ గట్టు మీద నడుస్తుందో ఎలా తెలుస్తుంది? వాళ్లని అనడానికి ఏమీ లేదు. పైగా మనకి కావలసిన కంట్రోల్ మనం రాసి ఎక్కించుకునే తలుపు వాళ్లే తెరిచిపెట్టారు. ఆ తలుపు పేరు ప్లగిన్. దాన్ని వాడుకోకపోవడమే మనకి నష్టం.

ఖాళీ డబ్బా ఏ మాటైనా తీసుకుంటుంది. జాబితా అలా కాదు, తను ముందే అనుకున్న మాటల్నే తీసుకుంటుంది. జాబితా రాసినవాడు అక్కడ ఉండడు, వాడి నిర్ణయం మాత్రం ఉంటుంది. ఎదురుగా మనిషి ఉంటే వాదించొచ్చు. డ్రాప్‌డౌన్‌తో ఎవరు వాదిస్తారు?

మా మొదటి గొడవ ఊరి పేరు దగ్గరే వచ్చింది. జిల్లా, మండలం, రెవెన్యూ గ్రామం. ఈ మూడు మెట్ల జాబితా తెచ్చి పెట్టాం. బి.కాం. చదివే తమ్ముడు తన వాడ కోసం వెతికాడు. లేదు. ఉండదు కూడా. అది రెవెన్యూ గ్రామాల జాబితా, వాడ రెవెన్యూ గ్రామం కాదు. విచిత్రం చూడండి. నేల మీద మన వాడ ఊరికి బయట ఉంటుంది, కాగితం మీద ఊరి లోపల కలిసిపోతుంది. ఆ కలిసిపోవడంలోనే మోసం ఉంది. ఊళ్లో శ్మశానం ఉందా? ఉంది. మంచినీళ్ల ట్యాంకు ఉందా? ఉంది. సిమెంటు రోడ్డు ఉందా? ఉంది. మూడు టిక్కులూ నిజమే. ఆ మూడింటిలో ఒక్కటీ మన వాడ దాకా రాకపోయినా టిక్కులు నిజమే.

సరే, వాడ పేరు రాయడానికి ఒక ఖాళీ డబ్బా పెడదాం అనుకున్నాం. అక్కడ రెండో గొడవ. అదే తమ్ముడు అంబేడ్కర్ నగర్ అని కొట్టాడు. వాళ్ల నాయనమ్మ పక్కనుంచి "మాలపేట అని రాయరా గుంటడా, అంబేడ్కర్ నగరంటే పోస్టుమేనుకి కూడా తెలీదు" అంది. పట్టా కాగితం మీద ఇంకేదో సర్వే నంబరుతో "ఎస్సీ కాలనీ" అని ఉంది. మాలో లా చదివే చెల్లెలు ఒకటే పట్టు పట్టింది. ఊరివాళ్లు పెట్టిన పేరు మన సైట్ మీద పెద్దక్షరాల్లో ఎందుకు ఉండాలంది. ఆ పేరుతో వెతికితేనే పాత కాగితం దొరుకుతుందని ఇంకొకడు. ఇద్దరిదీ న్యాయమే. చివరికి ఒక్క డబ్బా మూడైంది. మేం పిలుచుకునే పేరు, ఊరివాళ్లు పిలిచే పేరు, కాగితం మీద పేరు. బయటికి కనిపించేది మొదటిదే. మిగతా రెండూ వెతకడానికి మాత్రం పనికొస్తాయి.

జిల్లా మండలాలకీ ఇదే తిప్పలు. అనకాపల్లి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు కాగితాలన్నీ విశాఖపట్నం జిల్లా పేరు మీద ఉంటాయి. 1985లో మండలాలు రాకముందువైతే తాలూకా పేరుతో ఉంటాయి. ఇప్పటి జాబితా ఒక్కటే పెడితే, పాత పట్టా చేతిలో పట్టుకున్న మనిషి తన కాగితం మీద లేని జిల్లాని ఎంచుకోవాల్సి వస్తుంది. రేపు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి "ఇవి వేర్వేరు భూములు కదా" అంటే? కాబట్టి "కాగితం మీద ఉన్నట్టు" ఒకటి, "ఇప్పుడు" ఒకటి పెట్టాం.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకి ఇక్కడో చిన్న హెచ్చరిక. వర్డ్‌ప్రెస్ ప్రతి పేజీకి శీర్షిక నుంచే లింకు తయారుచేస్తుంది. ఆ లింకు ముక్కకి 200 అక్షరాల పరిమితి. ఇంగ్లీషు అక్షరం ఒకటి అక్కడ ఒకటిగానే లెక్క. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు, ఒక్కో సున్నా కూడా లింకులోకి మారేటప్పటికి తొమ్మిదవుతుంది. అంటే 22 గుర్తులకే గది నిండిపోతుంది. "అనకాపల్లి మండలం శంకరం దళితవాడ" అని శీర్షిక పెట్టి లెక్కేయండి. లింకు "అనకాపల్లి-మండలం-శంకరం-దళ" దగ్గర తెగిపోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, కూడికలో తేలిన సంగతి. వాడకి ఒక నంబరు ఇచ్చి లింకులో ఆ నంబరు వాడితే సరిపోతుంది.

ఇక కోడ్ సంగతి. అమీర్‌పేటలో డాట్‌నెట్ నేర్చుకున్న రోజుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది లోడ్‌కంట్రోల్ అనే మెథడ్. పేజీలో ముందే లేని యూజర్ కంట్రోల్‌ని, పేజీ నడుస్తుండగా తెచ్చి ఎక్కించే పద్ధతి అది. డాట్‌నెట్‌న్యూక్‌లో మాడ్యూళ్లన్నీ అలా ఎక్కేవే. కంట్రోల్ తెర మీద చక్కగా కనిపిస్తుంది. అందులో పేరు రాస్తాం, బటన్ నొక్కుతాం. పేజీ సర్వర్‌కి వెళ్లి తిరిగి వస్తుంది. మనం ఎక్కించిన కంట్రోలూ ఉండదు, అందులో రాసిందీ ఉండదు. ఎందుకంటే సర్వర్‌కి మనం నిన్న ఎక్కించామన్న జ్ఞాపకం లేదు. పేజీ వెళ్లి వచ్చిన ప్రతిసారీ, మొదటి దశలోనే, అదే ఐడీతో ఆ కంట్రోల్‌ని మళ్లీ ఎక్కించాలి. అప్పుడే అందులో రాసింది దానికి చేరుతుంది. పేజీలో పుట్టుకతో ఉన్న కంట్రోల్స్‌కి ఈ బాధ లేదు. వాటిని సిస్టమే గుర్తుంచుకుంటుంది. బయటినుంచి వచ్చినవి మాత్రం ప్రతిసారీ తలుపు దగ్గర తమ పేరు చెప్పుకోవాలి. రిజర్వేషన్ సీటులో చదువుకున్నవాళ్లకి దీన్ని నేను ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదు.

వర్డ్‌ప్రెస్‌లో పద్ధతి వేరు, బుద్ధి అదే. యాడ్ మెటా బాక్స్ అనే ఫంక్షన్‌తో మన డబ్బాని ఎడిటర్ పక్కన నిలబెట్టొచ్చు. కొత్తగా రాసేవాళ్లు అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. డబ్బా కనిపిస్తుంది, రాస్తాం, అప్‌డేట్ కొడతాం, మళ్లీ తెరిస్తే ఖాళీ. చూపించడానికి ఒక హుక్, దాచడానికి ఇంకొక హుక్. సేవ్ పోస్ట్ అనే రెండో హుక్‌లో మనం విడిగా రాయాలి. ఈ అభ్యర్థన మన ఫారం నుంచే వచ్చిందా, రాసే మనిషికి ఆ హక్కు ఉందా, రాసినదాంట్లో చెత్త ఉందా అని మూడూ చూసుకుని అప్పుడు డేటాబేస్‌లో పెట్టాలి. ఫ్లెక్సీ మీద మన ఫొటో వేసి తీర్మానంలో మన పేరు లేకుండా చేసే సభలు మీరు చూసే ఉంటారు. మొదటి హుక్ మాత్రమే రాసిన ప్లగిన్ అలాంటిదే.

ఆ శుభ్రం చేసే దశలో ఇంకో మాట. శానిటైజ్ టెక్స్ట్ ఫీల్డ్ అనే ఫంక్షన్ వరసల మధ్య విరుపుల్ని తీసేసి అంతా ఒక్క వరసలో కలిపేస్తుంది. పేరుకి, ఫోన్ నంబరుకి అది సరిపోతుంది. మనిషి చెప్పిన సాక్ష్యానికి పనికిరాదు. పెద్దవాళ్లు ఆగి ఆగి చెప్తారు. ఆ ఆగిన చోట్లు కూడా సాక్ష్యమే. వాటిని ఉంచేది శానిటైజ్ టెక్స్ట్ ఏరియా ఫీల్డ్. ఒక్క మాట తేడా, గుర్తుంచుకోండి.

తేదీ కంట్రోల్ దగ్గర మాకు నెల పట్టింది. మామూలు తేదీ డబ్బాకి ఏడాది, నెల, రోజు మూడూ కావాలి. ఒకటి తక్కువైనా తీసుకోదు. మన పెద్దవాళ్ల దగ్గర కాలం అలా ఉండదు. "ఎన్టీవోడు గెలిచినాక రెండేళ్లకి", "హుద్‌హుద్‌కి ముందర", "మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు". ఇవన్నీ గట్టి గుర్తులే. 1983 జనవరి, 2014 అక్టోబరు 12 అని మనం లెక్క కట్టుకోగలం. కానీ తేదీ డబ్బా ముందు కూర్చున్న పిల్లాడు ఏం చేస్తాడు? ముందుకెళ్లనివ్వడం లేదని జనవరి 1 అని కొడతాడు. స్కూల్లో మనలో సగంమందికి పుట్టినరోజు అలా వచ్చిందే కదా. అక్కడ పెద్ద నష్టం లేకపోవచ్చు. కేసులో ఉంది. దారి హక్కు సంగతే తీసుకోండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు భూమిలోంచి ఒక దారిని 20 ఏళ్లు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా వాడుకున్నామని చూపించాలి. ఆ 20 ఏళ్ల లెక్కలో మనమే కల్పించిన జనవరి 1 ఒకటి దూరితే, అవతలి వకీలుకి అది చాలు. సాక్షి బోనులో నిలబడి "తుఫానుకి ముందు" అంటాడు, మన రికార్డు ఇంకేదో అంటుంది. అబద్ధం సాక్షిది కాదు, డబ్బాది. శిక్ష మాత్రం సాక్షికి.

అందుకని మా తేదీ కంట్రోల్‌లో మొదటి గడి "వాళ్లు చెప్పిన మాట". అది తప్పనిసరి. రెండోది "దేనికి ముందు, దేనికి తర్వాత". అందులో అందరికీ తెలిసిన గుర్తుల జాబితా ఒకటి, వాడకి సొంతమైన గుర్తులు చేర్చుకునే వీలు ఒకటి. మూడోది రోజు, నెల, ఏడాది. తెలిసినంతవరకే. ఏడాది ఒక్కటే తెలిస్తే ఏడాది ఒక్కటే. తెలియని చోట ఖాళీ. ఖాళీని ఖాళీగా దాచుకునే కంట్రోల్ రాయడం, నింపిన గడి రాయడం కంటే కష్టమని ఆ నెల నాకు తెలిసింది.

ఇక శ్మశానం. ఏ వాడకి వెళ్లినా ముందు ఇదే వస్తుంది. ఉద్యోగం గురించి, ఇంటి స్థలం గురించి తర్వాత మాట్లాడతారు. సర్వే ఫారాల్లో దీనికి ఉండేది ఒకే గడి: ఉంది, లేదు. మేం వెళ్లిన ఒక వాడలో "ఉంది". ఊరి పేరు రాయను, వ్యవహారం నడుస్తోంది. స్థలం ఉంది, కాగితం ఉంది, చుట్టూ రాళ్లు కూడా ఉన్నాయి. దారి లేదు. దారి ఉండే చోట చెరకు వేశారు. కోత అయిపోయిన నెలల్లో మోళ్ల మీదుగా పాడె మోస్తారు. తోట ఎదిగితే చుట్టూ తిరిగి, వాగు దిగి, మోకాలి లోతు నీళ్లలో పోవాలి. ఒక పెద్దమ్మ అంది: "సచ్చిపోడానికి కూడా మాకు సీజనుంటాది బాబూ."

ఉంది, లేదు అనే గడిలో ఈ మాట ఎక్కడ పెట్టాలి?

ముందు మ్యాప్ కంట్రోల్ తెచ్చాం. లీఫ్‌లెట్ అని ఉచితంగా దొరికే మ్యాప్ లైబ్రరీ ఉంది. వొలొదిమిర్ అగఫోంకిన్ అనే ఉక్రెయిన్ ప్రోగ్రామర్ 2011లో విడుదల చేశాడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో కలిపి వాడితే లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదు. దాంతో ఒక పిన్ను గుచ్చాం. పిన్ను స్థలం చూపిస్తుంది. మన గొడవ స్థలం గురించి కాదు, దారి గురించి. దానికి చుక్క చాలదు, గీత కావాలి. గీత ఎవరు గియ్యాలి? శాటిలైట్ బొమ్మ మీద మౌస్‌తో గీస్తే అది అనకాపల్లి గదిలో కూర్చున్న మా ఊహ అవుతుంది. అందుకని నడిచే కంట్రోల్ రాశాం. బటన్ నొక్కి నడిస్తే ఫోన్ తన చోటుని వరసగా పంపుతూ ఉంటుంది, అడుగులు గీతగా మారతాయి. ప్రతి చుక్కకీ ఎన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చో ఫోనే చెప్తుంది. ఆ అంకెని కూడా దాచాం. గీత నిజాయితీ ఎంతో గీతతోపాటే ఉండాలి.

వాడ పెద్దాయన ముందు నడిచాడు, మా తమ్ముడు ఫోన్ పట్టుకుని వెనక. తోట మొదలయ్యే చోట పెద్దాయన ఆగలేదు, చెరకులోకి దూరాడు. పాత దారి అదేనట. "ఇక్కడ చింతచెట్టు ఉండేది, ఇక్కడ దింపుడు కళ్లం." తమ్ముడు ఆకులు కోసుకుంటూ వెనకే పోయాడు. అక్కడ దింపుడు కళ్లం ఉండేదని ఏ ఫారం అడుగుతుంది? మా కంట్రోల్‌కి ఆ రోజే ఇంకో బటన్ వచ్చింది. నడుస్తూ ఆగి, "ఇక్కడ ఏముండేది" అని మాట రికార్డు చేసే బటన్.

ఆ గీత మనకి హక్కు ఇచ్చేయదు. అది నేను ప్రతి వాడలోనూ చెప్తాను. హక్కు తేల్చాల్సింది సర్వేయరు కొలత, ఎఫ్‌ఎంబీ పటం, చివరికి కోర్టు. కానీ "దారి ఎక్కడ ఉండేదో చూపించండి" అన్నప్పుడు చెయ్యెత్తి చెరకు వైపు చూపించడం వేరు, మీటర్ల లెక్కతో కాగితం పెట్టడం వేరు. సోమవారం అర్జీల రోజున ఆ వాడవాళ్లు పెట్టింది ఆ కాగితమే. అక్కడ కుర్చీలో ఉన్నాయన చాలాసేపు చూసి, "ఈ గీత ఎవరు గీశారు?" అని అడిగాడు. పెద్దాయన "నేనేనండి, నడిచేను" అన్నాడు. సర్వేకి ఇంకా తేదీ పడలేదు.

లా చదివే చెల్లెలు ఆ కంట్రోల్‌లో ఇంకో గడి పెట్టించింది. "ఈ దారిలో ఇంకెవరు వెళ్తారు?" ఎందుకమ్మా అంటే చట్టం తీసి చూపించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో చేరిన సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)లో శ్మశానం, దారి, నీరు వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. అక్కడ "ఇతరులతో సమానంగా" అనే మాట ఉంది. మిగతావాళ్లు ట్రాక్టరు తోలుకుంటున్న దారిలో మన పాడెకి మాత్రం అడ్డం వచ్చారా, అందరికీ మూసేశారా అనేది అడగకపోతే ఆ మాటకి సాక్ష్యం ఉండదు. మనం చేసే ప్రతి డబ్బా ఇలా చట్టం మాటల్లోంచి కూడా పుట్టాలి. ప్రోగ్రామర్ పక్కన లా విద్యార్థి కూర్చోకపోతే ఈ పని సగమే.

కులం గడి గురించి కూడా చెప్పాలి. ఇది రాసేటప్పుడు మా గదిలో గొంతులు లేచాయి. దాచను. మాలో మాల, మాదిగ, రెల్లి పిల్లలు ముగ్గురూ ఉన్నారు. డ్రాప్‌డౌన్‌లో మొదట "ఎంచుకోండి" అనే ఖాళీ వరస పెట్టకపోతే, బ్రౌజర్ మొదటి పేరునే ఎంచుకున్నట్టు లెక్క వేసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలో మొదటి పేరు ఆది ఆంధ్ర. మా ట్రయల్ డేటాలో ఆది ఆంధ్రలు ఎక్కడినుంచి ఇంతమంది వచ్చారా అని చూస్తే, తొందరలో గడి ముట్టుకోకుండా వదిలేసినవాళ్లంతా వాళ్లే. రెల్లి తమ్ముడు నవ్వలేదు. "అన్నా, మావోళ్లు అసలే తక్కువ. అందులోనూ జాబితా అడుగున ఉంటాం. అంత దూరం ఎవడు జారతాడు?" అన్నాడు.

పైగా ఆ జాబితా స్థిరంగా ఉండేది కాదు. 2000లో చట్టం నాలుగు గుంపులు చేసింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న దవిందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చేయొచ్చంది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సుతో 59 కులాలు మూడు గుంపులయ్యాయి. రెల్లితో కలిపి 12 కులాలకి 1 శాతం, మాదిగతో కలిపి 18కి 6.5, మాలతో కలిపి 29కి 7.5. వర్గీకరణ మీద నా అభిప్రాయం ఈ సిరీస్ చదివేవాళ్లకి తెలుసు, ఇక్కడ మళ్లీ ఎత్తను. కోడ్ రాసేవాడిగా చెప్పేది ఒక్కటే: ఈ జాబితాని కోడ్ లోపల రాయకూడదు. విడిగా ఒక ఫైల్‌లో ఉండాలి, ఏ తేదీ నుంచి ఏ జాబితా అమల్లో ఉందో రాసి ఉండాలి, కంట్రోల్ దాన్ని చదువుకోవాలి. 2003లో జరిగిన సంగతి రాసేటప్పుడు 2025 గుంపు చూపిస్తే చరిత్రని దిద్దినట్టవుతుంది. దానికంటే ముందు, మనిషి తన గురించి తను చెప్పుకున్న మాటకి ఖాళీ డబ్బా. ప్రభుత్వ గుంపు దాని కింద, విడిగా.

మతం గడి మేం పెట్టలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులనే ఎస్సీలంది, 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ. ఆదివారం చర్చికి వెళ్లే తల్లికి ఆ గడి ఒక ఉచ్చు. దారి మూసేసినవాడు ఆమె మతం అడిగి మూయలేదు. మేం ఎందుకు అడగాలి?

ఇంక తాళంచెవి సంగతి. కంట్రోల్ ఎంత బాగా రాసినా, దాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించే హక్కు అందరికీ ఉండదు. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ఐదు పాత్రలు: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. ప్లగిన్ ఎక్కించగలిగేది, తీసేయగలిగేది మొదటివాడే. మన సంఘాల సైట్లు చాలావాటికి ఆ మొదటివాడు ఎవరో ఒక్కసారి చూసుకోండి. తరచుగా మన మంచి కోరే స్నేహితుడే ఉంటాడు, బయటివాడు. డొమైన్ అతని కార్డు మీద ఉంటుంది. మనవాళ్లంతా ఆథర్లు. వ్యాసాలు రాస్తాం, కొత్త డబ్బా కావాలంటే అతన్ని అడుగుతాం. అతను కాదనడు. "చూద్దాం" అంటాడు. మా పాత సైట్ ఒకటి అలా ఆ "చూద్దాం"లోనే ముగిసింది. అందుకే ఈసారి డొమైన్, హోస్టింగ్, అడ్మిన్ మూడూ మాలో ముగ్గురి చేతుల్లో పెట్టాం, ముగ్గురిలో ఇద్దరు అమ్మాయిలు. ఎక్కించే ముందు కోడ్ ఏడుగురూ చదవాలని నియమం. కోడ్ రానివాళ్లకి చదివి వినిపించాలి. విసుగ్గా ఉంటుంది. బి.కాం. తమ్ముడు ఆ విసుగులోనే కోడ్ నేర్చుకున్నాడు.

దానితోపాటు ఒక సాంకేతిక జాగ్రత్త. వర్డ్‌ప్రెస్ వ్యాసానికి పాత ప్రతులు దాస్తుంది. మనం చేర్చిన ఫీల్డులకి తనంతట తాను దాచదు. ఎవరైనా లోపలికి వెళ్లి తేదీ మార్చేస్తే పాత తేదీ పోయినట్టే. 2023 నవంబరులో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి ఫీల్డు నమోదు చేసేటప్పుడే రివిజన్స్ ఎనేబుల్డ్ అని చెప్పే వీలు ఉంది. సాక్ష్యం దాచే ప్రతి ఫీల్డుకీ అది పెట్టండి. ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారో ఉండాలి.

ఇదే ఇప్పుడు మమ్మల్ని కొత్త చిక్కులో పడేసింది. ఒక వాడలో సాక్ష్యం చెప్పిన మనిషి పోయిన నెల ఫోన్ చేశాడు. "బాబూ, నా మాట తీసీయండి. రాజీ అయిపోనాం" అన్నాడు. గొంతులో రాజీ లేదు. ఆయన కూలికి పోయేది ఆ చెరకు తోటకే. తీసేయమనే హక్కు ఆయనది, అందులో మాకు రెండో మాట లేదు. బయటి పేజీ నుంచి ఆ పూటే తీసేశాం. కానీ లోపల? పాత ప్రతులతో సహా చెరిపేయాలా, ఆరు నెలల తర్వాత ఆయనే వచ్చి "నా మాట ఏదీ" అంటే ఇవ్వడానికి తాళం వేసి ఉంచాలా? చెత్తబుట్టలో వేస్తే వర్డ్‌ప్రెస్ 30 రోజులు ఉంచి, తర్వాత తనే చెరిపేస్తుంది. ముప్ఫై రోజుల్లో భయం పోతుందా?

లా చెల్లెలు రాసిన నమూనాలో ఇప్పుడు మూడు వరసలున్నాయి. బయట తీసేయండి. లోపల తాళం వేయండి, నేను వస్తే తప్ప తెరవొద్దు. అంతా చెరిపేయండి. ఆ మనిషికే చదివి వినిపించి, ఆయన గొంతుతోనే ఏదో ఒకటి చెప్పించుకోవాలంటుంది. బెదిరింపులో ఉన్న మనిషి గొంతు రికార్డు చేయడమే ఇంకో ప్రమాదమని రెల్లి తమ్ముడు అంటాడు. ఏడుగురిలో నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు ఉన్నాం. నేను ముగ్గురిలో ఉన్నాను. ఆ కంట్రోల్ ఇంకా ఎక్కించలేదు. సాక్షుల కేసుల్లో పనిచేసిన లాయర్లు, కార్యకర్తలు ఎవరైనా చదువుతుంటే మీరు ఏం చేసేవారో చెప్పండి. వచ్చే ఆదివారం మేం మళ్లీ కూర్చుంటున్నాం.

(ఇంకా ఉంది)

జై భీమ్.